జనగామ దాటినా జాగా మారని స్టేషన్లు

మాది హన్మకొండ. కార్లలో బిగించే ఆండ్రాయిడ్ స్టీరియోలకు స్క్రీన్లు డిజైన్ చేస్తుంటాను. ఒక కొత్త మోడల్ పని వచ్చినప్పుడు రేడియో లిస్టును ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. ఎఫ్ఎం అంటే 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా, అందులో మనకు వినబడేవి ఎన్నని!

పాత సాఫ్ట్‌వేర్‌లో సిగ్నల్ బలంగా ఉన్న స్టేషన్ పైన వచ్చేది. ఆఫీసు టేబుల్ మీద దానికి వంక పెట్టలేం. హైదరాబాద్ రోడ్డెక్కితేనే అసలు రంగు బయటపడుతుంది. హన్మకొండలో మొదటి వరసలో ఉన్న ఆకాశవాణి 103.5, జనగామ దాటాక కిందికి జారుతూ పోతుంది. భువనగిరి దగ్గరపడేకొద్దీ 91.1, 98.3, 102.8 ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొస్తాయి. క్యాబ్ నడిపే మా మేనమామ ఒకటి నొక్కితే ఇంకోటి మోగింది. "అల్లుడా, నొక్కుదామంటే ఉరుకుతుంది. రోడ్డు సూడాల్నా, దీన్ని సూడాల్నా?" అన్నాడు.

మామ అడిగిందానికి లెక్క కూడా ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు కళ్లు తిప్పితే బండి 33 మీటర్లు పోతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక్కో చూపు రెండు సెకన్లకు, ఒక పనికి రోడ్డు మీంచి కళ్లు తిప్పే సమయమంతా కలిపి పన్నెండు సెకన్లకు మించొద్దని ఉంది. మేమూ అదే హద్దు పెట్టుకున్నాం.

అక్షర క్రమం పెడదామన్నారు ఆఫీసులో. సగం పేర్లు 'రేడియో'తోనే మొదలైతే ఇక క్రమం ఎక్కడిది? పైగా పేరు రావాల్సింది ఆర్‌డీఎస్‌లో, అంటే పాటతో పాటే స్టేషన్ పంపే రాత సిగ్నల్‌లో, ఎనిమిది అక్షరాల గడిలో. కొన్ని స్టేషన్లు ఆ గడిలో ప్రకటనలు తిప్పుతాయి, కొన్ని అసలేమీ పంపవు. అందుకే నంబర్ల వరసే ఖాయం చేశాను. మామ కూడా "98.3 పెట్టు" అంటాడే తప్ప పేరు చెప్పడు.

వరస కుదిరాక మిగిలినవి చిల్లర పనులే, కానీ సతాయించాయి. ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో స్కాన్ చేస్తే ఒకే స్టేషన్ 103.4, 103.5, 103.6 అని మూడుసార్లు పడేది. పక్కపక్కనున్న వాటిలో బలమైనదాన్నే ఉంచమన్నాం. సిగ్నల్ పోయిన స్టేషన్‌ను తీసేయకుండా బూడిద రంగులో అక్కడే ఉంచాం. కొత్తగా దొరికింది లిస్టు తెరిచి ఉన్నంతసేపు అందులో దూరదు, మళ్లీ తెరిచినప్పుడు తన నంబర్ దగ్గర కనబడుతుంది. పాతవాటి ఏరివేత ఇంజన్ ఆపాకే. లిస్టు ఎప్పుడు తెరిచినా మోగుతున్న స్టేషన్ నడిమధ్యలో ఉంటుంది.

తెలుగు పేర్ల దగ్గర ఇంకో తంటా. 'మిర్చి'లో చవత్తు కింది గీతకు తగిలి సగం తెగిపోయింది. ఇంగ్లిష్ కొలతలతో గీసిన వరసలు మరి! ఎత్తు పెంచితే స్క్రీన్ మీద ఆరు వరసల చోట ఐదే పట్టాయి. అక్షరాలు చిన్నవి చేసి ఆరూ ఉంచమని మేనేజర్ పట్టుబట్టాడు. గుంతల రోడ్డులో చిన్న వరస మీద వేలు ఆనదని వీడియో తీసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. చివరికి ఐదు వరసలే ఉంచాం.

మామకు లిస్టు నచ్చింది. పాత స్టీరియోలోలాగా తిప్పే గుండీ ఒకటి కావాలట. అది హార్డ్‌వేర్ వాళ్లతో తేల్చుకోవాలి.