అరాదు కోటలో చేతిరాతలు

యెరూషలేము వెళ్ళే మన తెలుగు వాళ్ళు చూసే చోట్లన్నీ గ్రూపుతో కలిసి నేనూ చూశాను. ఒలీవల కొండ, గెత్సేమనే, బేత్లెహేము, పశ్చిమ గోడ. గ్రూపు హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోయాక నేను ఇంకొన్నాళ్ళు ఆగాను. పాత నిబంధనలోని తొలి పుస్తకాలు (మోషే రాశాడని సంప్రదాయం చెప్పేవి) నిజంగా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్న ప్రశ్న చాలా ఏళ్ళుగా నన్ను వదల్లేదు. మట్టిలో దొరికినవి దీనికి ఎంతవరకు జవాబు చెబుతాయో కళ్ళారా చూడాలనిపించింది. మా చిన్నాన్న కూతురు టెల్ అవీవ్ దగ్గర కేర్‌గివర్‌గా పనిచేస్తోంది. ఆ ధైర్యంతోనే ఆగాను.

ముందు కెతెఫ్ హిన్నోము అనే పాత సమాధుల చోటికి వెళ్ళాను. పాత పట్టణం గోడకు నైరుతి దిక్కున, హిన్నోము లోయ అంచున, బెగిన్ సెంటర్ వెనక ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ రాయి కొట్టుకుపోయారు కాబట్టి సమాధుల పైకప్పులు లేవు. శవాలను పడుకోబెట్టిన రాతి అరుగులు, వాటి మీద తల ఆనడానికి చెక్కిన గుంటలు ఎండలో బయటికే కనిపిస్తాయి. అరుగు కింద ఒక గది ఉంటుంది. శరీరం శిథిలమయ్యాక ఎముకలు తీసి అందులో వేసేవారు. తన పితరుల యొద్దకు చేర్చబడెను అన్న మాట బైబిల్లో ఎన్నిసార్లు చదివానో! అక్కడ నిలబడ్డాక ఆ మాట వెనక ఉన్న పని అర్థమైంది.

1979లో పురావస్తు పండితుడు గాబ్రియేల్ బార్కాయ్ తవ్వినప్పుడు ఇలాంటి ఒక గది దొంగల చేతికి చిక్కకుండా దొరికింది. అందులో దాదాపు వెయ్యి వస్తువులు, వాటి మధ్య చుట్టి ఉన్న రెండు చిన్న వెండి రేకులు. అవి పగలకుండా విప్పడానికి ఇజ్రాయెల్ మ్యూజియం ల్యాబులో మూడేళ్ళు పట్టింది.

శనివారం చెల్లికి సెలవు. సబ్బాతు కాబట్టి బస్సులు తిరగవు, అందుకని ముందురోజు మధ్యాహ్నమే యెరూషలేముకు వచ్చేసింది. ఇద్దరం నడిచి మ్యూజియానికి వెళ్ళాం. వెండి రేకులు ఎంత చిన్నవంటే, పెద్దది కూడా 10 సెంటీమీటర్ల పొడవు లేదు. చిన్నది 4 సెంటీమీటర్లలోపే. మెడలో కట్టుకున్న తాయెత్తులు అవి. వాటి మీద వెంట్రుకంత సన్నని గీతలతో, పాత హెబ్రీ లిపిలో, సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని ఆశీర్వాదం ఉంది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని మా చర్చిలో ఆరాధన ముగిసేటప్పుడు పాస్టర్ గారు చేతులెత్తి పలికే మాటలే. ఎక్కువమంది పండితులు వీటిని క్రీ.పూ. 7వ శతాబ్దం చివరికో, 6వ శతాబ్దం మొదటికో చెందినవిగా లెక్కిస్తారు. అంటే మృత సముద్రం దగ్గర గుహల్లో దొరికిన పాత బైబిల్ చేతిరాత ప్రతుల (మృత సముద్రపు చుట్టల)్లోని అతి పాతవాటి కంటే కూడా దాదాపు 400 ఏళ్ళు ముందటివి. నాకు కళ్ళు చెమర్చాయి.

"అన్నయ్యా, ఇంతకీ మోషే రాసినట్టా, రాయనట్టా?" అంది చెల్లి.

"ఎవరు రాశారో ఈ రేకు చెప్పదమ్మా. ఆ మాటలు అప్పటికే జనం మెడలో ఉన్నాయని మాత్రం చెబుతుంది" అన్నాను.

నేను నమ్మేది ఇదే. రేకు మీద ఆశీర్వాదం ఉంది కాబట్టి సంఖ్యాకాండము పుస్తకం మొత్తం అప్పటికే పూర్తయిందని కొందరు చెబుతారు. అంత దూరం వెళ్ళలేం. చిన్న రేకులో ఆ ఆశీర్వాదం బైబిల్లో కంటే పొట్టిగా ఉంది. పుస్తకం నుంచి రేకుకు ఎక్కిందో, యాజకుల నోటి నుంచి రెండింటికీ వచ్చిందో తేల్చే దారి లేదు. అయితే ఈ మాటలన్నీ బబులోను చెర (క్రీ.పూ. 6వ శతాబ్దంలో యూదా వాళ్ళను బబులోనుకు బందీలుగా తీసుకుపోవడం) తర్వాత పుట్టినవే అనే వాళ్ళకు మాత్రం ఆ రేకులు గట్టి అడ్డు.

మర్నాడు దావీదు పట్టణం. పైన సిల్వాన్‌లో పాలస్తీనా కుటుంబాల ఇళ్ళు, కింద తవ్వకాలు. ఆ ఇళ్ళ వాళ్ళ బాధ కూడా ఈ చరిత్రలో భాగమే. హిజ్కియా రాజు పేరున్న పాత నీటి సొరంగంలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచాను, 533 మీటర్లు. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్న సంగతి పనివాళ్ళ వైపు నుంచి చెప్పే శాసనం 1880లో ఇక్కడే బయటపడింది. అసలు రాయి ఇస్తాంబుల్‌లో ఉంది. అందులో రాజు పేరు లేదు. గొడ్డలికి ఎదురుగా గొడ్డలి, ఆపైన నీళ్ళు పారడం, అంతే. అంత మంచి వచనం రాయగలవాళ్ళు క్రీ.పూ. 8వ శతాబ్దం చివరికే, యెరూషలేము రాజధానిగా ఉన్న యూదా రాజ్యంలో ఉన్నారు.

ఈ కొండ వాలులోనే 1982లో యిగాల్ షిలో బృందానికి ఒక ఇంట్లో 51 మట్టి ముద్రలు దొరికాయి. పత్రాలకు దారం కట్టి, దాని మీద మట్టి పెట్టి వేసిన ముద్రలు. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం పెట్టిన మంటల్లో పత్రాలు కాలిపోయాయి, మట్టి మాత్రం కాలి గట్టిపడింది. ఒక ముద్ర మీద "షాఫాను కుమారుడైన గెమర్యా" అని ఉంది. యిర్మీయా ప్రవక్త లేఖకుడు బారూకు ఆయన మాటలను చదివి వినిపించిన గది ఆ పేరుగల వాడిదేనని యిర్మీయా 36వ అధ్యాయం చెబుతుంది. క్రీ.పూ. 7వ శతాబ్దంలో యోషీయా రాజుకు ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపించిన శాస్త్రి పేరు కూడా షాఫానే. ఆ ముద్ర ఈ గెమర్యాదే అయితే, గ్రంథాలు రాసి, చదివి, దాచిన ఇంటివాళ్ళ గుర్తు మన ముందున్నట్టే.

చివరికి టెల్ అరాద్. కారు అద్దెకు తీసుకుని నెగెవ్‌లోకి వెళ్ళాను. కింద ఎప్పటిదో కనానీయుల పట్టణం, పైన గుట్ట మీద యూదా రాజ్యపు సరిహద్దు కోట. వైశాల్యంలో చిన్నదే, ఒక్కో వైపు 50 మీటర్లు ఉంటుంది. కోట లోపల ఒక గుడి! బయట బలిపీఠం, లోపల గర్భగుడి, దాని ముందు రెండు చిన్న ధూపపీఠాలు. అసలువి మ్యూజియంలో చూశాను, ఇక్కడున్నవి నకళ్ళు. బలులు ఒక్క చోటే అర్పించాలని ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయం ఖండితంగా చెబుతుంది. మరి యూదా రాజు కోటలోనే యెహోవాకు ఇంకో గుడి ఎలా ఉంది? ఆ గుడి నడిచిన రోజుల్లో ఆ ఆజ్ఞ ఇంకా రాలేదో, వచ్చినా అమలులో లేదో. ద్వితీయోపదేశకాండానికీ యోషీయా కాలపు గ్రంథానికీ సంబంధం ఉందని 1805లోనే జర్మన్ పండితుడు డె వెట్టె వాదించాడు. ఆయన కాగితాల మీద చేసిన ఆ వాదనకు ఈ రాళ్ళు బలమిస్తున్నాయని నాకు అనిపించింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం గుడి కాదు, స్టోరు గది. 1960లలో యోహనాన్ అహరోని తవ్వినప్పుడు ఈ కోటలో సిరాతో రాసిన కుండ పెంకులు ఎన్నో దొరికాయి. చాలావరకు క్రీ.పూ. 600 ప్రాంతంలో, స్టోరు చూసే ఎల్యాషీబుకు వచ్చిన చీటీలు. కిత్తీయులకు (గ్రీకు ప్రాంతపు కిరాయి సైనికులని అంచనా) ఇన్ని కొలతల ద్రాక్షారసం ఇవ్వు, తేదీ రాసి పెట్టు. పొరుగు రాజ్యమైన ఎదోము వాళ్ళు రాకముందే మనుషులను పంపు. ఒక చీటీలో "యెహోవా మందిరము" అన్న మాట కూడా ఉంది.

టెల్ అవీవ్ యూనివర్సిటీ బృందం ఆ పెంకుల ఫొటోలను కంప్యూటర్‌తో పరీక్షించి, 16 చీటీల్లో కనీసం ఆరుగురి చేతిరాత ఉందని 2016లో ప్రకటించింది. 2020లో పోలీసు శాఖలో పనిచేసిన చేతిరాత నిపుణురాలితో కలిసి 18 రాతలు చూస్తే, రాసినవాళ్ళు కనీసం 12 మంది అని తేలింది. కోటలో ఉండే దండు 20, 30 మందికి మించదని వాళ్ళ అంచనా. ఆ చీటీలన్నీ అక్కడ రాసినవి కావు, పై అధికారులు పంపినవీ ఉన్నాయి. అయినా ఎడారి అంచున ఉన్న కోటకు ఇంతమంది రాయగలుగుతుంటే, రాజధానిలో ఎంతమంది ఉండి ఉంటారు?

స్టోరు చీటీ రాయడం వేరు, ఆదికాండము రాయడం వేరు అని అభ్యంతరం చెప్పే పండితులు ఉన్నారు. అది న్యాయమైన అభ్యంతరమే. కానీ పుస్తకం ఒక్క మహానుభావుడి చేతిలోంచి ఊడిపడదు. రాసేవాళ్ళు, చదివేవాళ్ళు, నకలు తీసేవాళ్ళు ఉండాలి. యూదాలో వాళ్ళు చెరకు ముందే ఉన్నారు. తొలి గ్రంథాల్లో పెద్ద భాగం హిజ్కియా, యోషీయాల కాలంలో రాతలోకి వచ్చిందని, చెర తర్వాత యాజకుల చేతుల్లో ఇప్పటి రూపానికి వచ్చిందని నేను అనుకుంటున్నాను. దాని వల్ల నా విశ్వాసం తగ్గలేదు. ఇంతమంది చేతులు మోసుకొచ్చిన గ్రంథమని ఇంకా దగ్గరగా పట్టుకుంటున్నాను.

మన ఊళ్ళ నుంచి వెళ్ళే టూర్లలో డెడ్ సీ తప్పకుండా ఉంటుంది. అక్కడి హోటళ్ళ నుంచి టెల్ అరాద్‌కు కారులో గంట కూడా పట్టదు. గైడ్‌ను ముందే అడిగి పెట్టుకోండి. నీడ తక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి. కెతెఫ్ హిన్నోమునూ, మ్యూజియాన్నీ దానికంటే ముందే చూసి వెళ్తే అరాదులో ఏం చూడాలో తెలుస్తుంది.