ఐపీ కాగితం దాకా వెళ్ళొచ్చాను

మా పలాస బజారులో ఎవరి వ్యాపారం తేడా కొట్టినా ముందు వినిపించే మాట "ఐపీ పెట్టేస్తాడట". ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనీ, అదొక దివాలా దరఖాస్తు అనీ నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు తెలీదు. నా మట్టుకు అదొక తిట్టు. 2021 చివర్లో ఆ మాట నా గురించే అనుకుంటున్నారని మా బావ చెప్పాడు.

నేను జీడి పిక్కలు కొని, పప్పు తీయించి అమ్మేవాణ్ణి. ఫ్యాక్టరీ అనేంత లేదు. ఇంటి వెనక రేకుల షెడ్డు, పప్పు ఒలవడానికి వచ్చే ఆడవాళ్ళు ఆరుగురు. ఉద్దానం రైతులకు తోట మీద ముందే అడ్వాన్సులు ఇచ్చేవాణ్ణి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచి పడ్డాయి. చెట్టే పోయినవాణ్ణి అడ్వాన్సు తిరిగిమ్మని ఏ మొహంతో అడుగుతాం? ఆ లోటు పూడ్చడానికి ప్రోనోట్లు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. అవి తీర్చడానికి మూడు రూపాయలకు తెచ్చాను. 2020 లాక్‌డౌన్‌లో సరుకు కదల్లేదు, వడ్డీ కదిలింది.

టీ కొట్టు దగ్గర సలహాలకు కొదవ లేదు. "ఇల్లు మీ ఆవిడ పేర రాసేసి ఐపీ పెట్టేయ్, ఎవడేటి సేస్తాడు?" అన్నాడొకాయన. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు అది బాగానే అనిపించింది. ఆమదాలవలసలో రైలు దిగి, శ్రీకాకుళంలో ఒక ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళింది ఆ పని మీదే.

ఆయన ముందు నా భయమేంటో అడిగారు. జైలు, అన్నాను. ప్రోనోటు బాకీకి పోలీసులు రారని, బాకీ కట్టాలని కోర్టు డిక్రీ (తీర్పు) ఇచ్చాక కూడా, ఉండి ఎగ్గొట్టేవాణ్ణే సివిల్ జైలుకు పంపుతారని చెప్పారు. "చెక్కులేమైనా ఇచ్చారా?" అన్నారు. ఒకరికి ఇచ్చాను. "అది వేరే సంగతి. చెక్కు బౌన్సయితే క్రిమినల్ కేసు. ఐపీ పెట్టినా అది ఆగదు, ముందు అది చూసుకోండి" అన్నారు.

ఇంటి మాట ఎత్తగానే నవ్వారు. ఐపీకి ముందు రెండేళ్ళలోపు ఉత్తినే ఎవరి పేరన రాసినా కోర్టు దాన్ని రద్దు చేయగలదట. పైగా దాచిపెట్టాడని తేలితే అదే నేరం. అయినా ఇల్లు బ్యాంకు తనఖాలో ఉంది కదా, నేను రాయడానికేముంది? తనఖా ఉన్న బ్యాంకును ఐపీ ఆపలేదు, దాని దారిన అది వేలం వేసుకుంటుంది. ఆ సంగతి టీ కొట్టు సలహాదారుకు తెలీదు.

2016లో కొత్త దివాలా చట్టం వచ్చిందని పేపర్లో చదివానని అన్నాను. అందులో మామూలు మనుషుల భాగం ఇంకా అమల్లోకి రాలేదని, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్ళకు మాత్రమే 2019 డిసెంబరు నుంచి వర్తిస్తోందని చెప్పారు. మనలాంటి వాళ్ళకు ఇప్పటికీ 1920 నాటి చట్టమే. అందులో అప్పు 500 రూపాయలు దాటితే చాలు, పిటిషన్ వేయొచ్చు. అంకె చదివి ఇద్దరం నవ్వుకున్నాం.

పిటిషన్ ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా చెప్పారు. ఉన్న ఆస్తి రిసీవరు, అంటే కోర్టు పెట్టిన మనిషి, చేతికి వెళ్తుంది. ఒంటి మీద బట్టలు, వంట సామాను, మంగళసూత్రం లాంటివి ముట్టుకోరు. మిగతాది అమ్మి, అప్పుల వాళ్ళకు వాళ్ళ వాళ్ళ వాటా ప్రకారం పంచుతారు. తర్వాత ఎప్పటికో మిగిలిన అప్పుల నుంచి విముక్తి అడగాలి. రూపాయికి ఎనిమిది అణాలైనా, అంటే బాకీల్లో సగమైనా, రాకపోతే, అది నా తప్పు వల్ల కాదని జడ్జిగారికి చూపించాలి. "తుపాను నష్టం కాగితాలు ఉన్నాయా?" అని అడిగారు. అడ్వాన్సులన్నీ నోటిమాట మీద ఇచ్చినవి. కాగితాలెక్కడివి! విముక్తి వచ్చేలోపు, దివాలా తీసిన సంగతి చెప్పకుండా ఎక్కడైనా 50 రూపాయలు అరువు తెచ్చినా నేరమే.

"ఇంటికెళ్ళి ఒక తెల్లకాగితం మీద అప్పులన్నీ రాసుకురండి. ఒక్కటి కూడా వదలొద్దు" అన్నారు చివరికి.

మా ఆవిడా నేనూ కూర్చుని రాశాం. బ్యాంకు సీసీ (వ్యాపార అవసరాలకు వాడుకునే క్యాష్ క్రెడిట్) లోను 12,40,000. ఎనిమిది ప్రోనోట్లు 11,30,000. చిట్టీ బాకీ 2,15,000. పిక్కలు అరువిచ్చిన నలుగురు రైతులు 3,00,000. అయిపోయిందని పెన్ను మూత పెట్టబోతే, "మరి వాళ్ళవో?" అంది మా ఆవిడ.

షెడ్డులో పప్పు ఒలిచే ఆడవాళ్ళు. ఇంట్లో ఉంచితే మొగుళ్ళు తాగేస్తారని వారం వారం కూలిలో కొంత నా దగ్గరే దాచుకునేవారు. కాగితం లేదు, వడ్డీ లేదు, గోడ కేలండరు మీద పెన్సిల్‌తో అంకెలు. ఆరుగురివీ కలిపి 1,85,000. ఆ డబ్బు ఎప్పుడో పిక్కల కింద పెట్టేశాను. నాకు అది అప్పుగా తోచలేదు, అదీ అసలు సిగ్గు.

కాగితం తీసుకుని మళ్ళీ వెళ్ళాను. మొత్తం 30,70,000, ఇరవై పేర్లు. ఈ ఆరుగురికీ ముందు ఇచ్చేసి మిగతావాళ్ళ మీద ఐపీ పెడతానన్నాను. కుదరదన్నారు. ఒకరిద్దరికి మేలు చేయాలని ముందుగా డబ్బిచ్చి, మూడు నెలల్లోపు ఐపీ వేస్తే, రిసీవరు దాన్ని చెల్లదనిపించి వెనక్కి లాగొచ్చు. పోనీ పేర్లు రాయనా అంటే, అప్పులవాళ్ళందరి పేర్లూ రాయాల్సిందే. అందరికీ కోర్టు నోటీసు వెళ్తుంది. చదువు రాని ఆడమనిషి గుమ్మంలో పోస్టుమాన్ నిలబడి నా పేరున్న కోర్టు కాగితం చదివి వినిపిస్తాడు. ఆ బొమ్మ నా కళ్ళముందు నుంచి పోలేదు.

ఇంకోటి కూడా ఉంది. బ్యాంకులో నాకు జామీను ఉన్నది మా బావే. నాకు విముక్తి వచ్చినా జామీను ఉన్నవాడికి రాదట.

ఐపీ వద్దనుకున్నాను. అది చెడ్డదని కాదు. ఆస్తి ఏమీ లేక, జామీనుదారులు లేక, నాలుగు వైపుల నుంచీ డిక్రీలు పడుతున్న మనిషైతే నేనే పెట్టమంటాను, అందులో నామోషీ లేదు. నాకు కాశీబుగ్గ వైపు ఆరు సెంట్ల స్థలం మిగిలుంది. లెక్క అక్కడ మారింది.

స్థలం అమ్మాను. ఆడవాళ్ళకు ముందిచ్చాను. వాళ్ళలో పెద్దావిడ డబ్బు లెక్కపెట్టుకోకుండానే కొంగున కట్టుకుని, "ఏటి బాబూ, ఇలగైపోనావు" అంది. తర్వాత చెక్కు ఉన్నాయనకు ఇచ్చి చెక్కు వెనక్కి తెచ్చుకున్నాను. బ్యాంకు వన్ టైమ్ సెటిల్‌మెంటుకు, అంటే కొంత తగ్గించి ఒకేసారి తీసుకోవడానికి, ఒప్పుకోవడానికి ఏడు నెలలు తిప్పింది. రికార్డులో 'సెటిల్డ్' అని పడింది, 'క్లోజ్డ్' అని కాదు. అందుకే ఇప్పుడు ఎక్కడా లోను పుట్టడం లేదు. ప్రోనోట్ల వాళ్ళలో ఐదుగురు అసలు చాలన్నారు. ఒకాయన దావా వేశాడు, అది లోక్ అదాలత్‌లో వాయిదాల మీద రాజీ అయింది. ఆయన కట్టిన కోర్టు ఫీజు ఆయనకు వాపసొచ్చింది. లోక్ అదాలత్ ఇచ్చే ఆ రాజీ తీర్పు (అవార్డు) మీద అప్పీలు లేదు, కాబట్టి కట్టగలిగిన వాయిదాకే సంతకం పెట్టండి. నేను మొదట ఎక్కువ ఒప్పుకోబోతే ప్లీడరు గారు బల్ల కింద కాలితో తన్నారు.

షెడ్డు ఇప్పుడు అద్దెకిచ్చాను. సీజన్లో ఇంకో వ్యాపారికి కమీషన్ మీద ఉద్దానం తిరిగి పిక్కలు కొనిపెడుతున్నాను. ఆ తెల్లకాగితం మీద పద్దెనిమిది పేర్లు కొట్టేశాం. ఇంకా ఇద్దరున్నారు, 1,40,000.