ముగ్గుతో గీసిన సెంటు

2004లో నేను ఐదో తరగతి. మా మండల పరిషత్ స్కూల్లో రెండు గదులు, ఒక వరండా, ముందు వేపచెట్టు. మా లెక్కల మాస్టారికి పాఠం చెప్పడానికి ఇవే సామాన్లు.

కొలతలు మొదలైన రోజు పుస్తకం తీయనివ్వలేదు. "వరండా ఎన్ని జానలుందో చూసి చెప్పండ్రా" అన్నారు. నేల మీద జరుగుతూ కొలిచాం. నాకు 41 జానలు వచ్చాయి, వెనక బెంచీ పొడుగు అబ్బాయికి 35. నువ్వు తప్పంటే నువ్వు తప్పని ఇద్దరం వాదులాడుకున్నాం. మాస్టారు మా అరచేతులు ఒకదానికొకటి ఆనించి చూడమన్నారు. నా వేళ్లు అతని వేళ్ల చివరి గీత దగ్గరే ఆగిపోయాయి. "మరి మీ అమ్మ పూలు మూరల లెక్కన కొంటుందే, ఎవరి చేతి మూర?" అని అడిగారు. ఆ తర్వాతే మీటరు కర్ర బయటికి తీశారు.

ఆయన దగ్గర ఒకటే పట్టింపు. ఏది కొలవాలన్నా ముందు అంచనా పలక మీద రాయాలి. అది ఎంత తప్పినా ఒక్క మాట అనేవారు కాదు. కొలిచాక ఆ అంకె చెరిపేసి సరైనది రాసుకుంటే మాత్రం కోపం వచ్చేది.

అలా ఏవేవో కొలిచాం. హాజరు పలికాక 62 మంది ఉంటే, మనిషికి 100 గ్రాముల చొప్పున 6 కిలోల 200 గ్రాముల బియ్యం తూచి వంటావిడకి ఇచ్చేవాళ్లం. మీటరు కర్ర నీడ 80 సెంటీమీటర్లు, అదే సమయానికి జెండా కర్ర నీడ 4 మీటర్ల 80. ఎవరూ ఎక్కకుండానే జెండా కర్ర ఎత్తు 6 మీటర్లని తేలింది.

నాకు ఎప్పటికీ గుర్తుండేది సెంటు రోజు. ఇళ్లలో పొద్దున లేస్తే ఎకరాలు, సెంట్ల మాటలే. సెంటు అంటే ఎంతో మాలో ఒక్కరికీ తెలియదు. వేపచెట్టు పక్కన టేపు పరిచి, 36 అడుగుల పొడవు, 12 అడుగుల మీద అంగుళం చిల్లర వెడల్పుతో ముగ్గుపిండి పోయించారు. లోపలికి వెళ్లి నిలబడమన్నారు. క్లాసంతా పట్టేసి ఇంకా చోటు మిగిలింది. "ఇలాంటివి వంద కలిస్తే ఎకరం" అన్నారు. రెండు సెంట్ల స్థలంలో ఇల్లున్న ఒకమ్మాయి ఆ ముగ్గు పక్కనే పుల్లతో ఇంకో సెంటు గీసి, వంటిల్లు ఎక్కడ, గేదెను కట్టే చోటు ఎక్కడ అని మాకు చూపించింది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. ఇంటికెళ్లి మా నాన్నకి సెంటు ఎంతో నేనే చెప్పాను. నాన్న నవ్వలేదు, శ్రద్ధగా విన్నారు.

ఇప్పుడు నేను గ్రామ సర్వేయర్‌ని. కొలతలన్నీ మెషీన్‌తోనే. అయినా గట్టు మీద నిలబడగానే ముందు ఒక అంకె పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మొన్న ఒక గట్టు 38 మీటర్లు ఉంటుందనుకున్నాను, 41 వచ్చింది. 38 అలాగే ఉంచాను, చెరపలేదు.