సక్కగ పో!

ఫ్రాన్స్‌లోని లియాన్ వచ్చిన కొత్తలో ఒక పెద్దావిడని పోస్టాఫీసుకు దారి అడిగాను. "తూ ద్రువా" అంది. కుడి అనుకుని పక్క సందులోకి తిరిగాను. పాపం, వెనకాలే వచ్చి నా మోచెయ్యి పట్టుకుని మళ్లీ రోడ్డు మీద నిలబెట్టి, అరచేయి కత్తిలా ముందుకు చాపి చూపించింది. ఫ్రెంచిలో ద్రువా అంటే తిన్నగా. చివర 'త్' పలికి ద్రువాత్ అంటేనే కుడి. ఒక్క హల్లు తేడా!

అప్పటినుంచి ఆ మాట నన్ను వదల్లేదు. లంబకోణం 'ఆంగ్ల్ ద్రువా'. చట్టం ద్రువా, హక్కూ ద్రువాయే. స్పానిష్ వాళ్ల దెరేచో కూడా అంతే: తిన్నన, చట్టం, హక్కు. జర్మన్‌లో రెహ్ట్ అంటే చట్టం, రెహ్ట్స్ అంటే కుడి. కానీ తిన్నగా వెళ్లడానికి మాత్రం వాళ్లకు 'గెరాడె' అని వేరే మాట ఉంది. లాటిన్ రెక్టుస్, ఇంగ్లీషు రైట్ కూడా ఈ ఇంటివే. వంకర లేని గీతనే న్యాయం అనుకున్నారు చూడండి, నాకు ఒళ్లు పులకరించింది.

మా కరీంనగర్‌లో "సక్కగ పో" అంటే ముందుకెళ్లమని. "సక్కగ ఉండు" అంటే బుద్ధిగా ఉండమని. నాన్నమ్మ రోజుకు పదిసార్లు అనేది, రెండూ.