నా విలన్‌కి నా చెవులు ఇవ్వను

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆటగాళ్లు ముగ్గురూ టేబుల్ దగ్గర నుంచి లేచి బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. అద్దం అవతల ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుతుంటే, నేను చల్లారిపోతున్న మిర్చి బజ్జీల ముందు ఒక్కదాన్నే కూర్చున్నా. పది నిమిషాలకి మా తమ్ముడు లోపలికొచ్చి, "ఏమనుకోకక్కా, ఇక్కడ మాట్లాడితే వాడికి తెలిసిపోతది" అన్నాడు.

వాడంటే నా విలన్.

ఈ ఆట ఆడనివాళ్ల కోసం ఒక్క ముక్క. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది మొదలైంది. ఒకరు కథాలోకం మొత్తాన్నీ నడుపుతారు. ఆ మనిషిని డీఎం అంటారు, మా ఇంట్లో అది నేను. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. కష్టమైన పని తలపెట్టినప్పుడు ఇరవై ముఖాల డైస్ వేస్తారు. డీఎం అనుకున్న అంకెకి తగ్గకుండా పడితే పని అయినట్టు.

అప్పటి నా విలన్ ఒక మైండ్ ఫ్లేయర్, మెదళ్లు తినే జీవి. నియమాల పుస్తకం ప్రకారం దాని తెలివి 19. మామూలు మనిషికి 10. అంత తెలివైనదాన్ని ఆడించడానికి అప్పట్లో నాకు తోచిన దారి ఒక్కటే. వీళ్లు సొరంగంలోంచి వెళ్దామనుకుంటే సొరంగంలో కాపలా పెట్టేదాన్ని. మారువేషం అనుకుంటే గుమ్మం దగ్గర మనసులు చదివే బానిస. ఆరు వారాలు అలాగే నడిపా. అది తెలివి అని నిజంగా నమ్మాను. వాళ్లు టేబుల్ దగ్గర అనుకున్న ప్రతి మాటా నా చెవిన పడేది, నా చెవిన పడిందల్లా విలన్‌కి చేరిపోయేది. చివరికి వాళ్లు నా ఎదుట ఆలోచించడమే మానేశారు. ఈ ఆటలో అసలు ఆనందమే నలుగురం కూర్చుని పైకి ఆలోచించడం. అది నా చేతుల్తోనే పోగొట్టాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మరుసటి వారం నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి పైన ఒకే ప్రశ్న రాసుకున్నా: వాడికి ఎవరు చెప్పారు? విలన్‌కి ఏదైనా తెలిస్తే, చెప్పిన మనిషి ఎవరో నేను రాయగలగాలి. రాయలేకపోతే వాడికి తెలియనట్టే. ఇది పెట్టుకున్నాక విలన్ తెలివి తగ్గుతుందేమోనని భయపడ్డాను. తగ్గలేదు. వాడికి వేగులు పుట్టుకొచ్చారు. వేగు ఉన్నాడంటే వాణ్ని పట్టుకోవచ్చు, కొనొచ్చు, వాడి చెవిలో అబద్ధం వేయొచ్చు. ఆటగాళ్లకి పట్టు దొరికేది అక్కడే.

రెండో కట్టుబాటు గురువారం. విలన్ ఆ వారం ఏం చేస్తాడో గురువారం రాత్రికల్లా రాసేస్తా, ఆదివారం దాన్ని దిద్దను. విలన్ ఏళ్ల తరబడి పథకం వేసినవాడు. వాడి బదులు నేను వారమంతా నింపాదిగా ఆలోచిస్తే వాడి తెలివి దానంతటదే కనిపిస్తుంది. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ ఈ ఆట కోసం రాసిన రావెన్‌లాఫ్ట్ అనే కథలో స్ట్రాడ్ అనే వాంపైర్ ప్రభువు ఉంటాడు. అతన్ని పడగొట్టే ఖడ్గమూ, పవిత్ర చిహ్నమూ ఎక్కడున్నాయో పేకముక్కలు తీసి తేలుస్తారు. తేలాక డీఎం అయినా వాటిని కదపడానికి లేదు. ఆ పద్ధతి మీద నాకు చాలా గౌరవం.

అయినా కొన్నిసార్లు వారం రోజులు సరిపోవు. అంత తెలివైనవాడికి తట్టే విషయం నాకు తట్టకపోవచ్చు. దానికి అష్టాచెమ్మా డబ్బాలోంచి మూడు గవ్వలు తీసుకున్నా. 2014 నియమాల్లో పెద్ద డ్రాగన్లకీ వాంపైర్లకీ రోజుకి మూడుసార్లు ఒక వెసులుబాటు ఉంది, డైస్‌లో ఓడినా తప్పించుకున్నట్టే లెక్క. దాన్నే తెలివికి వాడాను. "ఇది వాడు ముందే ఊహించాడు" అని నేను అన్న ప్రతిసారీ ఒక గవ్వ అందరికీ కనబడేలా టేబుల్ మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోతే ఇక నా నోట్‌బుక్‌లో ఉన్నంతే వాడి తెలివి. ఇది మొదలుపెట్టాక మావాళ్లు నా గవ్వలు ఖర్చు చేయించడానికే ఉత్తుత్తి ప్లాన్లు వేయడం మొదలెట్టారు. బాల్కనీ తలుపు మళ్లీ మూసుకోలేదు.

మూడోది మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆమె చెప్పే బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. చిన్నప్పుడు నా ధ్యాసంతా చిలుక మీదే. ఆ రహస్యం బయటపెట్టింది ఎవరా అని పెద్దయ్యాక ఆలోచించాను. ఫకీరే చెప్పాడు, తను చెరలో పెట్టిన బాలనాగమ్మకే చెప్పాడు. చెరలో ఉన్న ఆడది ఏం చేయగలదులే అనుకున్నాడు. వాడి పతనం చిలుకలో కాదు, ఆ "ఏం చేయగలదులే"లో ఉంది. అప్పటి నుంచి ప్రతి విలన్ పేజీ చివర ఒక వరుస రాస్తున్నా: వీడి లెక్కలోకి రాని మనిషి ఎవరు?

పోయిన ఏడాది ఆడిన కథలో విలన్ ఒక పట్వారీ. మాది వరంగల్ వైపు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల కింద బతికిన ఊళ్లు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1980ల్లో రద్దు చేసేదాకా ఊరి భూమి లెక్క పట్వారీ చేతిలో ఉండేది. ఆ లెక్కకి ఉన్న బలం గురించి నాయనమ్మ చెప్పినవన్నీ గుర్తున్నాయి. నా పట్వారీకి హిట్ పాయింట్లు, అంటే దెబ్బలకి తట్టుకునే ప్రాణబలం, తొమ్మిదే. ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం దెబ్బకి ఆరు ముఖాల డైస్ ఎనిమిది వేస్తారు, ఒక్క ఫైర్‌బాల్ చాలు వాడికి. కానీ చంపితే లాభం లేదు. రాత్రిపూట తూము ఎత్తించి బినామీ పొలాలు పారించుకుంటాడు, ఆ రాత్రులు పుస్తకంలో ఎక్కించడు, చెరువు ఎండింది కింది ఆయకట్టువాళ్ల వల్లేనంటాడు. రెండు ఊళ్లు గొడ్డళ్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నాయి. వాడు పోయినా పుస్తకం మిగులుతుంది, ఊరు నమ్మేది పుస్తకాన్నే.

వేగులు ముగ్గురు: కల్లు దుకాణం నడిపేవాడు, గుడి పూజారి, సొంత మేనల్లుడు. చివరి వరుసలో నీరటి అని రాశాను. తూము ఎత్తేవాడు, చదువు రానివాడు.

మావాళ్లు మూడు వారాలు పుస్తకం వెంటే పడ్డారు. దొంగిలిస్తే అది నకలు, ఒక గవ్వ. మేనల్లుణ్ని తిప్పుకుంటే వాడి మీద ఇంకో నిఘా, రెండో గవ్వ. ముగ్గురూ తల పట్టుకున్నారు. అప్పుడు మంత్రగత్తె పాత్ర ఆడే నా స్నేహితురాలు డైస్‌ని వేళ్ల మధ్య తిప్పుతూ తిప్పుతూ ఆగింది. "పుస్తకంలో రాసేది పట్వారీ. తూము ఎత్తేదెవరు?"

నా గుండె దడదడలాడింది. ముఖంలో కనబడకూడదని నీళ్లు తాగాను.

నీరటి గుడిసెకి వెళ్లారు. ఒప్పించడానికి 15 కావాలి, పడింది 16. నీరటి చూరులోంచి ఒక తాడు తీశాడు. తూము ఎత్తిన ప్రతి రాత్రికీ ఒక ముడి. గురువారం రాత్రి టీవీ ముందు కూర్చుని నేను నిజంగానే సుతిలి తాడుకి ముడులు వేసి పెట్టుకున్నా. దాన్ని సంచిలోంచి తీసి టేబుల్ మీద పెడితే ముగ్గురూ చూపుడువేళ్లతో తడుముతూ పైకి లెక్కపెట్టారు. ఒకసారి తప్పి మళ్లీ మొదలెట్టారు. అరవై ఒకటి. పుస్తకంలో నలభై మూడు. పద్దెనిమిది రాత్రుల నీళ్లు ఆ తాడులో ఉన్నాయి.

చివరి సెషన్ రచ్చకట్ట దగ్గర. రెండు ఊళ్ల జనం చుట్టూ ఉన్నారు, పట్వారీ చంకలో పుస్తకం. నా దగ్గర ఇంకో గవ్వ మిగిలే ఉంది, చేయి దాని మీదే ఉంది. వాడి గొంతుతో అడిగాను, "లెక్క తప్పని ఎవడన్నడు?"

తమ్ముడు, "ఎల్లయ్య" అన్నాడు.

నాకు ఆ పేరు అందలేదు. నోట్‌బుక్ తిరగేశాను, ఎక్కడా లేదు. ఏదో తెలియని మనిషిని లాగుతున్నారనుకుని, పట్వారీ గొంతు వదలకుండానే అడిగాను.

"ఎల్లయ్య ఎవడు?"

ముగ్గురూ మాట్లాడలేదు. దొంగ పాత్ర ఆడే తమ్ముడి రూమ్మేట్ తన నోట్‌బుక్ నా వైపు తిప్పాడు. రెండో సెషన్ తేదీ. ఆ రోజు చెరువు కట్ట మీద కల్లు పంచుకుంటూ ఇతనే "తాతా, నీ పేరేంది?" అని నీరటిని అడిగాడు. నోటికొచ్చింది చెప్పి ముందుకెళ్లిపోయా, రాసుకోలేదు. అతను రాసుకున్నాడు.

నా స్నేహితురాలు పట్వారీ కళ్లలోకి, అంటే నా కళ్లలోకి చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఇరవై ఏళ్ల నుంచి నీ తూము ఎత్తుతున్న మనిషి."

గవ్వ మీద నుంచి చేయి తీసేశాను.