బ్యారన్ మొద్దులు చీల్చడానికి ట్రాక్టరు హైడ్రాలిక్ యంత్రం

జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం చుట్టుపక్కల మెట్టలో వర్జీనియా పొగాకు పండించే రైతుకు కట్టెల ఖర్చు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆకు కట్టిన కర్రలను బ్యారన్‌లోకి, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలోకి, ఎక్కించిన దగ్గరనుంచి దించే వరకు పొయ్యి ఆరకూడదు. ఆకు పసుపు రంగుకు తిరిగే దశలో వేడి 100 డిగ్రీల ఫారన్‌హీట్ ప్రాంతంలో నిలకడగా ఉండాలి, అక్కడినుంచి మెల్లమెల్లగా ఎక్కుతూ ఈనె ఎండే సమయానికి 160 డిగ్రీల దాకా చేరాలి. ఈ మధ్యలో వేడి ఒక్కసారిగా పడిపోయినా, ఎగిసిపోయినా ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర పోతుంది. లావు మొద్దును చీల్చకుండా పొయ్యిలోకి తోస్తే అది చాలాసేపు పొగ కక్కి, ఆ తరువాత ఒక్కుమ్మడిగా అంటుకుంటుంది. పైగా అప్పుడే నరికిన చెట్టులో సగానికి సగం బరువు నీరే ఉంటుంది. బెరడు ఆ నీటిని లోపలే పట్టి ఉంచుతుంది గనుక చీల్చి ఆరబెట్టని మొద్దు నెలలు గడిచినా లోపల పచ్చిగానే మిగులుతుంది. అటువంటి కట్టె ఇచ్చే వేడిలో కొంత దాని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది.

గొడ్డలితో, ఇనుప చీలలతో, సమ్మెటతో మొద్దులు చీల్చే మనుషులు మా ఊళ్లో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా లేరు. ఉన్నవారికి ఆకు ఆరబెట్టే క్యూరింగ్ రోజుల్లో పది చోట్లనుంచి పిలుపు ఉంటుంది. ఆ కారణంగానే ట్రాక్టరుతో నడిచే హైడ్రాలిక్ యంత్రం, అంటే పంపు తోసే నూనె బలంతో సిలిండరు మొద్దును బ్లేడుకేసి నొక్కి చీల్చేది, ఒకటి ఇంటి దగ్గరే కట్టుకున్నాను. రెండు క్యూరింగ్ కాలాలు వాడిన మీదట, దీన్ని కట్టుకోదలచిన వారికి పనికివస్తుందని ఈ వివరం రాస్తున్నాను.

ముందుగా నేను వద్దనుకున్న పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. మరమేకులా గాడి తీసిన శంకువును పీటీఓకు (ట్రాక్టరు వెనుక తిరిగే ఇరుసుకు) గాని మోటారుకు గాని తగిలించి, తిరుగుతున్న దాని మొనకు మొద్దును ఆనిస్తే అదే లోపలికి తొలుచుకుపోయి మొద్దును చీల్చే పరికరం ఒకటి తక్కువ ధరకు దొరుకుతుంది, వీడియోల్లో చూడముచ్చటగానూ ఉంటుంది. మొద్దు మెలిపడి దానితోపాటు గిర్రున తిరిగినప్పుడు పట్టుకున్న చేతి గతి ఏమిటో ఆ వీడియోల్లో చూపించరు. చొక్కా చేతులు, తువ్వాళ్లు, పంచె కొంగులు ఉన్న చోట అటువంటి వస్తువు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. హైడ్రాలిక్ యంత్రమూ ప్రమాదకరమైనదే, అయితే అది లివరు వదలగానే ఆగుతుంది.

హైడ్రాలిక్ అనగానే చూడవచ్చిన ప్రతివారూ ‘ఎన్ని టన్నులు?’ అని అడుగుతారు. నేనైతే ‘నిమిషానికి ఎన్ని లీటర్లు?’ అని ముందు అడుగుతాను. బలం తెచ్చుకోవడం తేలిక. 100 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలిండరుకు పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో అనుకుంటే, 160 బార్ పీడనం దగ్గర అది పన్నెండున్నర టన్నులకు పైగా తోస్తుంది. చేతితో కొట్టే జాకీ కూడా అంత బలం ఇవ్వగలదు, కాకపోతే ఒక్క మొద్దుకు పూట గడిచిపోతుంది. అదే సిలిండరు 600 మిల్లీమీటర్లు పూర్తిగా బయటికి రావాలంటే 4.7 లీటర్ల నూనె లోపలికి పోవాలి. 5 హార్స్‌పవర్ మోటారు 160 బార్ దగ్గర నిమిషానికి సుమారు 12 లీటర్లకు మించి తోయలేదు, అంటే వెళ్లడానికే 24 సెకన్లు, తిరిగి రావడానికి మరికొన్ని. మొద్దు పక్కన నిలబడి ఎదురుచూసే మనిషికి అది చాలా ఎక్కువ సమయం. అమెరికాలో ఇళ్ల దగ్గర వాడే చిన్న పెట్రోలు ఇంజను యంత్రాల్లో ఈ చిక్కును రెండు దశల పంపుతో తీర్చుకున్నారు: బరువు లేనప్పుడు పెద్ద గేర్లూ చిన్న గేర్లూ కలిసి నూనె తోస్తాయి, పీడనం సుమారు 45 బార్ దాటగానే పెద్ద గేర్ల నూనె ట్యాంకులోకి మళ్లిపోయి చిన్న గేర్లు మాత్రమే నెమ్మదిగా, బలంగా తోస్తాయి. ట్రాక్టరు ఉన్నవారికి ఆ తెలివి అవసరం లేదు, శక్తి కావలసినంత ఉంది.

మోటారు ఆలోచనను నేను వదిలేయడానికి ఇంకొక కారణమూ ఉంది. వ్యవసాయ కనెక్షన్ బోరుకు ఇచ్చినది, దానిమీద కట్టెల యంత్రం నడపడం నిబంధనలకు విరుద్ధం. విడిగా త్రీఫేజ్ తీసుకుంటే ఏడాదిలో కొద్ది వారాల పనికి పన్నెండు నెలలూ బిల్లు కట్టాలి.

ట్రాక్టరులో ఉన్న హైడ్రాలిక్‌నే వాడుకోవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. ట్రక్కు (ట్రాక్టరు తొట్టి) లేపడానికి వెనుక ఇచ్చే నూనె దారి మన పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఒకవైపే పనిచేస్తుంది: నూనె వెళ్లి జాకీని లేపుతుంది, దిగడం ట్రక్కు బరువు వల్ల జరుగుతుంది. అడ్డంగా పడుకున్న సిలిండరును వెనక్కి లాగే బరువు ఏదీ ఉండదు గనుక రెండువైపులా నూనె పంపే వాల్వు తప్పనిసరిగా పెట్టాలి. అంతకంటే ముఖ్యమైన విషయం, చాలా ట్రాక్టర్లలో హైడ్రాలిక్ నూనె, గేరుపెట్టె నూనె ఒక్కటే. పాత ఇనుము కొట్టులో కొన్న సిలిండరు లోపలి తుప్పు, రజను ట్రాక్టరు గేరుపెట్టెలోకి పోవడం నాకు సమ్మతం కాలేదు. కాబట్టి పీటీఓతో తిరిగే విడి పంపు, విడి ట్యాంకు పెట్టాను.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, గేర్ పంపుకు 1500 చుట్ల ప్రాంతం కావాలి. 18 అంగుళాల పుల్లీనుంచి 6 అంగుళాల పుల్లీకి మూడు బి-సైజు బెల్టులు వేస్తే పంపు 1620 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 16 సీసీల పంపు నిమిషానికి దాదాపు 26 లీటర్లు ఇస్తుంది. అప్పుడు సిలిండరు 11 సెకన్లలో పూర్తిగా బయటికి వస్తుంది, వెనక్కి పోయేటప్పుడు లోపల రాడ్డు (తోసే కడ్డీ) కొంత చోటు ఆక్రమించడం వల్ల తక్కువ నూనె చాలు గనుక 8 సెకన్లలో వెనక్కి పోతుంది. దీనికి ట్రాక్టరునుంచి తీసుకునే శక్తి పూర్తి పీడనం దగ్గర కూడా 11 హార్స్‌పవర్ ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. గేర్ పంపు ఇరుసు బెల్టు పక్కకు లాగే బలాన్ని ఓర్చుకోదు, పుల్లీని నేరుగా దానికే బిగిస్తే లోపలి బుష్షులు ఒకవైపు అరిగి పంపు కొద్దికాలంలోనే పీడనం కోల్పోతుంది. పుల్లీని రెండు బేరింగు దిమ్మెల మధ్య వేరే ఇరుసు మీద నిలిపి, ఆ ఇరుసునుంచి మధ్యలో రబ్బరు ముక్క (స్పైడరు) ఉండి రెండు ఇరుసులను కలిపే లవ్‌జాయ్ కప్లింగుతో పంపును తిప్పాలి. పంపు ఏ దిక్కుకు తిరగాలో దాని మీద బాణం గుర్తు ఉంటుంది, కొనేటప్పుడే సరిచూసుకోవాలి.

సిలిండరు కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. పాత జేసీబీల సిలిండర్లు అక్కడ గుట్టలుగా ఉంటాయి, అమ్మేవారు అన్నింటినీ బాగున్నాయనే అంటారు, మనమే చూసుకోవాలి. రాడ్డును పూర్తిగా బయటికి లాగించి నిలువునా గోరు పెట్టి గీయాలి; గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ క్రోమియం పూత లేచినట్టు, ఆ గంటు ప్రతి రాకకూ నూనె కారకుండా ఆపే సీలును కోస్తుంది. రాడ్డు వంకర ఉందో లేదో చదునైన బండ మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. సీళ్లు పోయి ఉండటం పెద్ద లోపం కాదు, కొత్త కిట్టు దొరుకుతుంది. గొట్టం లోపల చిన్న గీతలుంటే లేత్ దుకాణంలో హోనింగు చేసి, అంటే లోపలి గోడను నునుపు చేసి, ఇస్తారు. లోతైన చారలుంటే ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయడమే మంచిది.

వెన్నెముకగా 200 మిల్లీమీటర్ల ఐ-బీమ్ రెండు మీటర్లు తీసుకున్నాను, మీటరుకు సుమారు 25 కిలోలు తూగుతుంది. కొందరు చౌకని 150 బీమ్ వాడతారు, నాకది నచ్చదు. సిలిండరు బీమ్ పైన 100 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది గనుక అది మొద్దును తోసిన ప్రతిసారీ బీమ్‌ను విల్లులా వంచడానికి చూస్తుంది. నా లెక్కలో పై అంచు మీద పడే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు దాదాపు 150 న్యూటన్లు, మామూలు ఇనుము లొంగే హద్దు 250. అంతకంటే చిన్న బీమ్ వేస్తే ఆ హద్దుకు మరీ దగ్గరకు వెళతాం, 150 అయితే దాన్ని దాటిపోతాం, కాలక్రమంలో వెల్డింగు అంచులు నెర్రెలిస్తాయి.

బ్లేడు జేసీబీ బకెట్టు అంచు పట్టీ ముక్క. గ్యాసుతో కోసి, ముందు అంచును 30 డిగ్రీల కోణంలో గ్రైండు చేయించాను. కత్తిలా పదును అక్కరలేదు. మొదటి రెండు అంగుళాలు సన్నగా లోపలికి దిగిన తరువాత వెనుక రెండువైపులా వెల్డు చేసిన రెక్కలు చీలికను వెడల్పు చేస్తాయి. చాలా మొద్దులు ఆ రెక్కలు తగలకముందే విడిపోతాయి. ఈ పట్టీ గట్టి ఉక్కు కావడం వల్ల మామూలు వెల్డింగు రాడ్డుతో అతికిస్తే చల్లారేటప్పుడు అతుకు పక్కన సన్నని పగులు వస్తుంది. ముందుగా గ్యాసు మంటతో వేడి చేసి, ఓవెన్‌లో ఆరబెట్టిన 7018 రాడ్డు వాడమని మా వెల్డింగు మేస్త్రి పట్టుబట్టాడు. అతని పనితనం వల్లనే ఆ అతుకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లారీ కమాను పట్టీతోనూ బ్లేడు చేస్తారు, దానికి ఈ బెడద మరీ ఎక్కువ.

ట్యాంకు 40 లీటర్లది, నూనె 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్. ఏప్రిల్ ఎండలో గంటలకొద్దీ నడిచే యంత్రానికి ఇంతకంటే చిన్న ట్యాంకు పెడితే నూనె మరిగినట్టు వేడెక్కి పలచబడుతుంది, సీళ్లు పాడవుతాయి. పంపు పీల్చే పైపు అంగుళానికి తగ్గకూడదు, తిరిగి వచ్చే పైపు మూతి ఎప్పుడూ నూనె మట్టానికి కిందనే ఉండాలి, లేకపోతే నురగ పడుతుంది, నురగను పీల్చిన పంపు గులకరాళ్లు నమిలినట్టు శబ్దం చేస్తుంది. పీడనం వెళ్లే హోసులు రెండు వరుసల ఉక్కు తీగ అల్లిన అర అంగుళం రకం. పీడనం హద్దు దాటితే నూనెను ట్యాంకులోకి వదిలే రిలీఫ్ వాల్వును 160 బార్ దగ్గర నిలిపాను. దాని పక్కనే పెట్టిన పీడనం మీటరు ఖర్చు దండగ అని కొందరన్నారు గాని, ఈ యంత్రంలో నాకు బాగా ఇష్టమైన భాగం అదే.

ఎందుకంటే చెట్టు ఏదో ఆ మీటరు ముల్లు చెబుతుంది. పచ్చి మామిడి మొద్దు పెడితే ముల్లు 40 దగ్గరకు లేచి, ‘ఫట్’మన్న చప్పుడుతో సున్నా వైపు వాలిపోతుంది. జీడిమామిడి ఇంకా తేలిక. జామాయిల్ పచ్చిగా ఉన్నప్పుడు దారికి వస్తుంది, ఎండనిస్తే మొండికేస్తుంది, కాబట్టి దాన్ని కొట్టిన వారంలోనే చీల్చేయాలి. చింత మాత్రం వేరు. దాని పీచు ఒక పొర ఇటు, మరొక పొర అటు అల్లుకుని ఉంటుంది; ముల్లు 60, 90, 120 అంటూ ఎక్కుతూ ఉంటుంది, ట్రాక్టరు గొంతు బరువెక్కుతుంది, మొద్దు చివరన తేమ బుడగలుగా ఉబుకుతుంది, అయినా అది చీలదు, బ్లేడు చుట్టూ చిరుగుతుంది. కొమ్మ పుట్టిన కణుపు అడ్డం వస్తే 160 కూడా చాలదు, రిలీఫ్ వాల్వు కీచుమంటుంది. అప్పుడు మొద్దును తిప్పి అంచునుంచి పలకలు పలకలుగా తీయాలి, నడిమధ్యన గురిపెట్టి పంతానికి పోకూడదు. సర్కారు తుమ్మలో లావు మొదళ్లు అరుదు, దొరికినవి మెలితిరిగి ఉంటాయి, వాటికీ ఇదే పద్ధతి.

జాగ్రత్తల్లో మూడింటి విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. లివరును ముందుకు తోసి పట్టుకున్నంతసేపే సిలిండరు కదలాలి, చేయి తీయగానే స్ప్రింగు దాన్ని మధ్యకు తేవాలి; వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం లివరు తనంతట తానే నిలబడే ఏర్పాటు ఉండవచ్చు. మొద్దు పెట్టే మనిషే లివరు పట్టాలి. ఒకరు మొద్దు సర్దుతుంటే మరొకరు లివరు నడిపే పద్ధతి వేగంగా కనిపిస్తుంది, వేళ్లు పోయేది ఆ పద్ధతిలోనే. రెండవది, పీటీఓ షాఫ్టు మీద, బెల్టుల మీద కప్పు లేకుండా ఒక్క మొద్దు కూడా చీల్చకూడదు. పంచె కట్టుకున్నవారిని, కొంగు వేలాడే ఆడవారిని ఆ వైపు రానివ్వకూడదు. మూడవది చాలామందికి తెలియనిది: హోసుకు సూదిమొనంత బెజ్జం పడితే అందులోంచి వచ్చే నూనె కంటికి సరిగా కనబడదు, దాన్ని వెతకడానికి చేయి పెడితే చర్మం కిందికి దూసుకుపోతుంది. చీమ కుట్టినంత నొప్పే ఉంటుంది, చర్మం మీద చిన్న చుక్కే కనిపిస్తుంది, కాని గంటల్లో లోపలి కండ కుళ్లడం మొదలై వేలు, ఒక్కొక్కసారి చేయి తీసివేయవలసి వస్తుంది. కారుతున్న చోటును అట్టముక్క అడ్డుపెట్టి వెతకాలి. ఒకవేళ చర్మంలోకి పోయిందనిపిస్తే, కట్టు కట్టుకుని ఇంటికి పోకుండా, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెళ్లి ‘పీడనంతో నూనె ఎక్కింది’ అని స్పష్టంగా చెప్పాలి.

యంత్రం ఇప్పుడు రెండు చక్రాల మీద ట్రాక్టరు వెనుక కట్టుకుని పొలానికి వెళ్లేలా ఉంది. మిగిలిన లోటు ఒకటే, నలభై యాభై కిలోల మొద్దును బీమ్ ఎత్తుకు లేపడం నడుముకు భారమవుతోంది. బీమ్‌ను నిలువుగా నిలబెట్టి మొద్దును నేల మీదనే ఉంచి చీల్చే మడత ఏర్పాటు గురించి ఆలోచించాను గాని, ట్యాంకునూ హోసులనూ మార్చవలసి వస్తుంది. దానికి బదులు పక్కన చిన్న ఎత్తుడు చేయి అతికించి, వాల్వులో ఖాళీగా ఉన్న రెండవ లివరుకు కలపాలని అనుకుంటున్నాను. దానికి ట్రక్కు జాకీలలో చిన్నరకం సరిపోతుంది. క్యూరింగ్ ముగిశాక ఫిల్టరు మార్చి, రాడ్డును పూర్తిగా లోపలికి లాగి, బ్లేడుకు పాత ఇంజను ఆయిల్ పూసి, పట్టా కప్పి షెడ్డులో ఉంచుతాను. రాడ్డు బయట వదిలేస్తే వానాకాలం పూర్తయ్యేసరికి క్రోమియం మీద తుప్పు చుక్కలు లేస్తాయి, మళ్లీ సీలు కిట్టుకు ఆటోనగర్ వెళ్లవలసి వస్తుంది.