మూడుంపావు టీ

ఆదివారం, రాత్రి

విజయవాడలో ఒక్కరోజు సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సభ పెడితే అది సాయంత్రం ఐదింటికి అయిపోయినట్టే లెక్క. అజెండాలో ఎనిమిదింటిదాకా ఏం రాసుకున్నా అంతే. వచ్చేవాళ్లలో చాలామంది ఈ ఊరివాళ్లు కారు. గుంటూరు 35 కిలోమీటర్లే గానీ, నెహ్రూ బస్టాండుకి చేరి, బస్సెక్కి, అక్కడ దిగి మళ్లీ ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి రెండు గంటలు. తెనాలివాళ్లు రైలు టైము చూసుకుంటూ కూచుంటారు. ఏలూరు, గుడివాడ, మచిలీపట్నం నుంచి వచ్చినవాళ్లకి నాలుగున్నరకే కాళ్లు గేటువైపు తిరుగుతాయి. హాస్టల్లో ఉండే అమ్మాయిలకి గేటు మూసే వేళ ఒకటుంటుంది. ఇలాంటిచోట బెంగళూరు అజెండా తెచ్చి ‘6 నుంచి 8: నెట్‌వర్కింగ్’ అని పెడితే, ఆ వేళకి మిగిలేది నిర్వాహకులు, ఇద్దరు వక్తలు, చల్లారిన సమోసాలు.

ఇవాళ దాన్ని మధ్యాహ్నం మూడుంపావుకి జరిపారు. ముప్పావుగంట టీ విరామం, ఆ తర్వాత లైట్నింగ్ టాక్స్ (ఐదేసి నిమిషాల చిన్న ప్రసంగాలు), ఐదింటికి సెలవు. దానికోసం ఒక ప్రసంగాన్ని తీసేశారు. మంచి బేరమే. అయితే విరామం పొడుగ్గా పెట్టినంతమాత్రాన మనుషులు కలవరు. పొద్దున జరిగిన ప్రతి ఆలస్యం వచ్చి ఆ ముప్పావుగంట మీదే పడుతుంది. ఎక్కడ పది నిమిషాలు పోయినా కోసేది టీనే, ప్రసంగాన్ని ఎవరూ కొయ్యరు.

మొదటి ఆలస్యం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే. పేరు మొదటి అక్షరాన్ని బట్టి వరసలు విడదీయడం మన దగ్గర పనిచెయ్యదు. ఒకరు ఇంటిపేరుతో నమోదు చేసుకుంటారు, ఇంకొకరు అసలు పేరుతో, మరొకరు ఉత్త ఇనీషియల్‌తో. పైగా సాయి, శ్రీ, వెంకట అనే మొదలుతో ఉన్నవాళ్లంతా రెండక్షరాల కింద పోగుపడతారు. ఒక వరస మెట్లు దిగి రోడ్డు మీదికి పోతే, పక్క బల్ల దగ్గర వలంటీరు ఫోను చూసుకుంటూ ఉంటాడు. ఫోన్ నంబరు చివరి అంకెతో విడదీస్తే ఈ గొడవ ఉండదు: సరి అంకె ఒక బల్ల, బేసి అంకె ఇంకో బల్ల. మంది సమంగా పడతారు, ఎవరూ తడుముకోరు. జాబితాలో మాత్రం చివరి నాలుగంకెలే అచ్చేయాలి. పూర్తి నంబర్ల కాగితం బల్లమీద పరిస్తే వరసలో ఉన్న ఎవరైనా ఒక్క ఫోటోతో పట్టుకుపోవచ్చు.

బ్యాడ్జీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ టీ దగ్గర మాట కలిసేది దానివల్లే. ఒకే కొక్కేనికి వేలాడే బ్యాడ్జీ గంటలోపు వెనక్కి తిరిగిపోతుంది. రెండు మూలలా కొక్కేలున్న తాడైనా కొనాలి, పేరు రెండువైపులా అయినా అచ్చేయించాలి. స్పాన్సరు లోగో పెద్దదిగా, పేరు చీమ తలకాయంత వేస్తే అవతలివాళ్లు వంగి చదవాల్సొస్తుంది. ఛాతీ మీదున్న బ్యాడ్జీని అలా చదివించడం ఆడవాళ్లకి ఎంత చిరాకో డిజైను చేసే కుర్రాళ్లకి తట్టదు. పేరు పైన, లోగో కింద, అక్షరాలు రెండు మీటర్ల నుంచి ఆనాలి. పేరు కింద కంపెనీ, హోదా అక్కర్లేదు. ‘నన్ను దీని గురించి అడగండి’ అని ఒక ఖాళీ గీత వదిలి, బల్లమీద నాలుగు మార్కర్లు పెడితే చాలు. ఇవాళ ఒకాయన దాంట్లో ‘పోస్ట్‌గ్రెస్ బ్యాకప్‌లు’ అని రాసుకున్నాడు (పోస్ట్‌గ్రెస్ ఒక డేటాబేస్). విరామం మొత్తం ఆయన చుట్టూ జనమే. పక్కనే ‘సీనియర్ మేనేజర్’ అని ఉన్నాయన ఒంటరిగా టీ తాగాడు.

తాడు రంగులు రెండుండాలి. ఒకటి మామూలుది, రెండోది ‘నా ఫోటో తియ్యొద్దు’ అనడానికి. పెద్ద సభల్లో ఇది ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. ఇక్కడ మరీ అవసరం, ఎందుకంటే ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లూ ఉంటారు, ఆఫీసులో సెలవు పెట్టి వచ్చినవాళ్లూ ఉంటారు.

పొద్దుటి వర్క్‌షాపు దగ్గర పోయే టైముకి కారణాలు ఎప్పుడూ రెండే: కరెంటు, నెట్టు. సెమినారు హాలు గోడకుండే మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు మోస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లు అనుకుంటే 21 ఛార్జర్లకి సరి. నలభైమంది కూచున్న గదిలో ఎక్స్‌టెన్షన్ బోర్డుకి బోర్డు తగిలించుకుంటూ పోయి అందర్నీ ఒకే సాకెట్టు మీదికి తెస్తే ఫ్యూజు ఎగరడమో, ప్లగ్గు దగ్గర మాడు వాసనో తప్పదు. ముందురోజే కాలేజీ ఎలక్ట్రీషియన్‌ని పట్టుకుని ఏ సాకెట్లు ఏ సర్క్యూట్ మీదున్నాయో అడగాలి, ఏసీకి వాడే 16 ఆంపియర్ల పాయింట్లేమైనా ఖాళీగా ఉన్నాయేమో చూడాలి. ఈ పని సాఫ్ట్‌వేర్ వాళ్లకి నామోషీగా ఉంటుంది, అందుకే ప్రతిచోటా ఇది మిగిలిపోతుంది.

నెట్టు సంగతి. మామూలు రూటర్ తనది పోను పరికరాలకి పంచగలిగే నెట్ చిరునామాలు మహా అయితే 253. వచ్చినవాళ్లు 150 మంది అయితే మనిషికో ఫోను, ల్యాప్‌టాప్ కలిపి 300 పరికరాలు. పదింటికల్లా ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అనో, ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ అంటూ తిరుగుతూనో ఉంటుంది. సబ్‌నెట్‌ని (చిరునామాల గుంపు ఎంత పెద్దదో చెప్పే అమరిక) /22కి మారిస్తే 1,022 చిరునామాలొస్తాయి. డీహెచ్‌సీపీ లీజు, అంటే ఒక పరికరానికి చిరునామా అప్పిచ్చే గడువు, రోజంతా కాకుండా గంటకి తగ్గిస్తే వెళ్లిపోయినవాళ్ల చిరునామాలు మళ్లీ చేతికొస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. వలంటీర్లు సాయం చేద్దామని తలా ఒక హాట్‌స్పాట్ తెరిస్తే ఆ మూడూ నిండిపోయి, ఉన్న వైఫై కూడా పడుకుంటుంది. హాట్‌స్పాట్లు ఆపమని మైకులో చెప్పాలి, సాధ్యమైనంతవరకు 5 గిగాహెర్ట్జ్ మీదే నడపాలి.

ఇంత చేసినా అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. గదిలో అందరూ బయటికి ఒకే ఐపీ చిరునామాతో వెళ్తారు. లాగిన్ లేకుండా గిట్‌హబ్ (కోడు దాచుకునే సైటు) ఏపీఐని, అంటే ప్రోగ్రాములు దాన్ని అడిగే దారిని, వాడితే ఒక చిరునామాకి గంటకి 60 విన్నపాలే. నలభైమందికి తలా ఒకటిన్నర! ముందే కూర్చిన సాఫ్ట్‌వేర్ మూటలు (ఇమేజ్‌లు) దొరికే డాకర్ హబ్‌కీ ఇలాంటి పరిమితే ఉంది, గది వెనక కూచున్నవాళ్లకి ‘టూ మెనీ రిక్వెస్ట్స్’ అని వస్తుంది, వాళ్లు తమ ల్యాప్‌టాప్‌లోనే తప్పుందనుకుంటారు. గిగాబైటు ఇమేజ్‌ని నలభైమంది దించుకుంటే, 100 ఎంబీపీఎస్ లైను మొత్తం వాళ్లకే దక్కినా సుమారు 53 నిమిషాలు. అందుకే నాలుగైదు పెన్‌డ్రైవుల్లో ఇమేజ్, ప్యాకేజీలు, వాటిని ఎలా ఎక్కించాలో నాలుగు లైన్ల ఫైలు పెట్టి వరసకొకటి తిప్పడమే మార్గం. ఇవాళ అదే చేశారు. పెన్‌డ్రైవు చేతులు మారేటప్పుడు పక్కవాళ్లతో మాట కలవడం ఒక లాభం. వైఫై చక్కగా ఉంటే అది జరగదు.

ప్రొజెక్టరు గురించి రెండే మాటలు: యూఎస్‌బీ-సి రంధ్రాలన్నీ వీడియో పంపవు కాబట్టి కన్వర్టరు ముందే తగిలించి చూడాలి. నల్ల తెర థీము పగటి వెలుతురులో ఏమీ ఆనదు, తెల్లది పెట్టి అక్షరాలు 24 పాయింట్లకి తక్కువ కాకుండా చూసుకోవాలి.

ప్రసంగాల తర్వాత ‘ఏమైనా ప్రశ్నలా?’ అంటే హాలంతా నిశ్శబ్దం. తెలియకపోవడం కాదు. మైకు పట్టుకుని ఇంగ్లీషులో అడగాలన్న భయం, లెక్చరరు ఎదురుగా ఉన్నాడన్న మొహమాటం. తెలుగులో అడగండని ఉత్తినే చెప్తే సరిపోదు, నిర్వాహకులే మొదటి ప్రశ్న తెలుగులో అడగాలి. ఇంకా మంచిది, వక్త వేదిక దిగి పావుగంటసేపు తలుపు పక్కన నిలబడ్డం. హాల్లో ఒక్కరూ నోరు విప్పని ప్రసంగానికి అక్కడ పదిమంది మూగుతారు.

వచ్చినవాళ్లే అక్కడికక్కడ అజెండా వేసుకునే ఓపెన్ స్పేస్ పద్ధతిని తెచ్చిన హారిసన్ ఓవెన్ ‘రెండు కాళ్ల సూత్రం’ అని ఒకటి పెట్టాడు: నీకు పనికిరాని చోట కూచోకు, పనికొచ్చే చోటికి నడిచిపో. మన దగ్గర మధ్యలో లేవడం వక్తని అవమానించినట్టు. అందుకే ఇది పొద్దునే వేదిక మీంచి చెప్పి, వక్తలకి కూడా ముందే చెప్పి ఉంచాలి. చెప్తే లేస్తారు, కారిడార్లో మాట్లాడుకుంటారు. చెప్పకపోతే కూచునే ఫోన్లో రీల్స్ చూస్తారు.

భోజనాల వేళ పరిచయాలు అవుతాయనుకుంటారు గానీ అవ్వవు. పప్పు, గుత్తొంకాయ, పులిహోర, పెరుగన్నం చేత్తో కలుపుకుంటున్న మనిషికి చెయ్యి ఇవ్వలేం, క్యూఆర్ కోడ్ చూపించి స్కాన్ చెయ్యమనలేం. ఎవరి కాలేజీ గుంపుతో వాళ్లు తింటారు. పరిచయం కావాలంటే ప్లేటు చేతికొచ్చే ముందు వరసలోనే కావాలి, అక్కడ కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది. (ఆదివారం పూట శాకాహారం పెట్టినందుకు గొణుగుడు వినబడింది. కార్తీకమాసంలో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.) గ్రూపు ఫోటో భోజనానికి ముందే తీసెయ్యాలి, ఆకలి మీద అందరూ పది నిమిషాల్లో కుదురుగా నిలబడతారు. టీ వేళకి పెడితే సగం విరామం దానికే పోతుంది.

ఇక మూడుంపావు. టీ పాయింట్లు రెండు, ఎదురెదురు మూలల్లో. ఒక్కటే ఉంటే పదిహేను నిమిషాలు వరసకే సరి. మన చిన్న కాగితం కప్పులో టీ మూడు నిమిషాల్లో అయిపోతుంది, చెయ్యి ఖాళీ అయిన మనిషికి అక్కడ నిలబడ్డానికి సాకు పోతుంది. అందుకే టీ మనిషికి రెండు కప్పుల లెక్కన చెప్పాలి, రెండో విడత ఇరవై నిమిషాలు ఆగి రావాలి. కుర్చీలు హాల్లోంచి బయటికి రానివ్వకూడదు. కూచుంటే గుంపు గట్టిపడిపోతుంది.

నిలబడే తీరుకి, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ సైటు రీడ్ ద డాక్స్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన ఎరిక్ హోల్షర్ చెప్పిన ప్యాక్‌మ్యాన్ (నోరు తెరిచిన వలయంలా ఉండే పాత వీడియో గేమ్ బొమ్మ) సూత్రం ఉంది: వలయం ఎప్పుడూ పూర్తిగా మూసుకోకూడదు, ఇంకొక మనిషి పట్టే సందు వదలాలి, ఆ మనిషి వచ్చాక మళ్లీ జరిగి ఇంకో సందు ఇవ్వాలి. వలంటీర్లు నలుగురు ఇలా నిలబడితే మిగతావాళ్లు చూసి నిలబడతారు. ఒంటరిగా ఉన్న కుర్రాణ్ణి ‘రా తమ్ముడూ’ అని లాగితే వస్తాడు, ఉత్త నవ్వు నవ్వితే రాడు.

మొదటి ప్రశ్న మీద అంతా ఆధారపడుతుంది. ‘మీదే ఊరండీ?’ బాగానే నడుస్తుంది, ఇక్కడ దానికి రెండు నిమిషాలకే ఒక చుట్టరికం బయటపడుతుంది. ‘ప్యాకేజీ ఎంత?’ అంటే మాట అక్కడితో సరి. ‘ఈ వారం మిమ్మల్ని బాగా సతాయించిన బగ్ ఏంటి?’ అని అడిగితే విద్యార్థైనా, పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లైనా ఒకే మెట్టు మీద మాట్లాడతారు. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు ఆ ముక్క ముందే చెప్పేస్తే ఇద్దరికీ సుఖం. అచ్చేసిన రెజ్యూమేలు బ్యాగుల్లోనే నలిగిపోతాయి. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం ఫైలు) సరిగ్గా రాసిన ఒక్క రిపాజిటరీ (కోడు పెట్టే చోటు) లింకు చాలు.

నంబర్లన్నీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు చెయ్యడం మాత్రం దండగ పని, అపాయం కూడా. అమ్మాయిల నంబర్లు ఆ రాత్రికే ఎవరెవరికో చేరతాయి. ప్రకటనలకి వాట్సాప్ ఛానల్ పెడితే ఒకరి నంబరు ఇంకొకరికి కనబడదు. ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలో బ్యాడ్జీ వెనకే అచ్చుండాలి: ఇద్దరి పేర్లు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి, ఒక ఫోన్ నంబరు.

లైట్నింగ్ టాక్స్ నాలుగింటికి. మనిషికి ఐదు నిమిషాలు, స్లైడ్లన్నీ పీడీఎఫ్‌గా ఒకే ల్యాప్‌టాప్‌లో. ఐదో నిమిషం దాటగానే అందరూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాలి. అదే మర్యాదైన గెంటివేత. పేర్లు పొద్దున అడిగితే ఎవరూ ఇవ్వరు, టీ దగ్గర తెల్లబోర్డు పెడితే నిండుతుంది. ఇవాళ ఒక అమ్మాయి ‘స్త్రీ’ని తెర మీద పెట్టింది. చూడ్డానికి ఒక్క అక్షరం, పైథాన్ భాషలో పొడవు 6 (హల్లులు, పొల్లులు, గుడిదీర్ఘం కలిపి ఆరు సంకేతాలు), వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో సంకేతానికి మూడేసి చొప్పున 18 బైట్లు. 2023లో వచ్చిన యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ సంకేతాలిచ్చే ప్రమాణం) 15.1 నియమాలు తెలిసిన లైబ్రరీ దాన్ని ఒకే ముక్కగా చూస్తుంది, పాతది మూడు ముక్కలు చేస్తుంది. ఫారంలో పేరుకి ‘20 అక్షరాలు’ అని హద్దు పెట్టి బైట్లు లెక్కపెడితే తెలుగు పేరు ఆరు సంకేతాల దగ్గరే తెగుతుందని చూపించి దిగిపోయింది. దిగిన చోటే ముగ్గురు పట్టుకున్నారు, వాళ్ల ఆఫీసు ఫారంలో సరిగ్గా ఇదే రోగమట. ఆ మాట అయ్యేసరికి ఐదుంపావు, ఆ అమ్మాయి గుంటూరు బస్సు కోసం పరిగెత్తింది.

పరిచయమైనవాళ్లకి రెండు రోజుల్లోపు సందేశం పెట్టాలి. ‘హాయ్, నైస్ మీటింగ్ యూ’ అంటే ఎవరో గుర్తురాదు. ఏం మాట్లాడుకున్నారో ఒక వాక్యం, ఇస్తానన్న లింకు, అంతే.

వచ్చేసారికి ఒకటి: రెండో టీ పాయింటుని లిఫ్టు పక్కనుంచి తీసెయ్యాలి. లిఫ్టు కోసం ఆగినవాళ్ల వెనక టీ అనుకుని ఇంకో పదిమంది నిలబడుతున్నారు.